వాన లెక్క చెప్పేదాన్ని

నేను పుట్టింది అమెరికాలో, మెట్టింది అనంతపురం ఎర్రనేలల మీద. ఒళ్ళంటూ లేదు. కంప్యూటర్లో ఒక మోడల్‌ని. చేను మీద పడ్డ వానలో ఎంత పారి కుంటలో చేరుతుందో లెక్కగట్టడం నా పని.

నాకు ఆధారం కర్వ్ నంబర్ పద్ధతి. 1950లలో అమెరికా ప్రభుత్వ భూసంరక్షణ విభాగంలో విక్టర్ మోకస్ అనే ఇంజనీరు, ఆయన తోటివారు దాన్ని తయారుచేశారు. నేలకు వంద వరకు ఒక అంకె ఇస్తారు. వందైతే పడ్డదంతా పారినట్టే. అంకె తగ్గేకొద్దీ నేల తాగేది ఎక్కువ. మన దేశంలో దాన్ని మన నేలలకు తగ్గట్టు సవరించుకున్నారు. నల్లరేగడికి ఒక తీరు, తక్కిన నేలలకు మరో తీరు.

రోజూ నేను రాసేది కిరాణా కొట్టు చిట్టాలాంటిదే: నిన్నటి నిల్వ, ఇవాళ వచ్చిన నీళ్ళు, ఎండకు పోయినవి, అడుగున ఇంకినవి, అలుగు దాటినవి.

అనంతపురంలో ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వాన అని అందరూ చెబుతారు. ఆ ఒక్క అంకెతో నేనేమీ చేయలేను. ఏ రోజు ఎంత పడిందో కావాలి. నేల అంకె 80 అనుకోండి. మొదటి 19 మి.మీ. నేలే పట్టుకుంటుంది. వారానికొకటి చొప్పున 10 మి.మీ. వానలు ఐదు పడితే వేరుశనగకు పండగే గానీ కుంటలోకి చుక్క రాదు. అదే 50 మి.మీ. ఒక్క రాత్రి కురిస్తే 10 మి.మీ. పారుతుంది. అంటే ఎకరానికి 40 వేల లీటర్లు. నాలుగెకరాల నీళ్ళు ఒకచోటికి మళ్ళితే లక్షా అరవై వేలు. పైన పది మీటర్లు, అడుగున నాలుగు మీటర్లు చదరంగా, మూడు మీటర్ల లోతున తవ్విన ఫారం పాండ్‌లో పట్టేది లక్షా 56 వేలు. తెల్లారేసరికి నిండిపోతుంది!

ఇక్కడే ఆశలు మితిమీరతాయి. వేరుశనగకు ఊడలు దిగే వేళ బెట్ట వస్తే ఎకరానికి 20 మి.మీ. తడి ఇవ్వడానికి 80 వేల లీటర్లు కావాలి. నిండు కుంట కూడా రెండెకరాలకు ఒక్క తడికి బొటాబొటి. కుంట ఉంది కదా అని వరి నాటితే నా చిట్టా వారంలోనే సున్నా చూపిస్తుంది. పైగా రోజుకు 6 మి.మీ. ఆవిరైతే 600 లీటర్లు గాలిలోకి పోతాయి. పూత లేని ఎర్రమట్టి కుంటలో ఇంకిపోయేది అంతకంటే చాలా ఎక్కువ. అందుకే అడుగుకూ పక్కలకూ మట్టి, సిమెంటు కలిపి పూయమంటారు. ఆ ఖర్చు మిగుల్చుకుని కుంట మాత్రం తవ్వడం నా దృష్టిలో దండగ.

ఒకసారి ఒక ఆఫీసులో ఆగస్టు నెల వాన మొత్తాన్ని 31తో భాగించి, రోజుకింత అని నాకు ఇచ్చారు. రోజూ ఆ నాలుగు చినుకులే అయితే పారేదేముంది? సున్నా అన్నాను. మోడల్ తప్పు అని ఫైలు మూసేశారు.

నాకు కనబడనివీ ఉన్నాయి. ఉపగ్రహం నుంచి వచ్చే 30 మీటర్ల గడుల పటంలో చేనిగట్టు ఆనవాలే ఉండదు. ఏ మూలన నీళ్ళు నిలుస్తాయో, ఏ గండి గుండా వంకలోకి జారతాయో ఆ చేను దున్నే రైతును అడగాలి. ఆయన చూపించిన చోటును నా పటంలో గుర్తుపెట్టి నడిపితేనే నా లెక్కకు విలువ.

కుంట తవ్వే ముందు నన్ను అడగాలనుకుంటే మీ ఊరికి దగ్గరి రోజువారీ వాన లెక్కలు, వీలైతే ముప్ఫయ్యేళ్ళవి, తీసుకురండి. అవి లేకపోతే ఈ ఖరీఫ్ నుంచే ఒక వర్షమాపకం పెట్టుకుని, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి నోటుబుక్కులో రాయండి. వాతావరణ శాఖ కొలిచేదీ ఆ వేళకే.