వచ్చింది వచ్చినట్టు

మన అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో అబద్ధం చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. నిమ్మరసంతో కేన్సరు కరిగిపోతుందని పెట్టినావిడా, కాలజ్ఞానంలో ఈ ఏడాది సంగతి ముందే రాసిపెట్టి ఉందన్నాయనా, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మన జిల్లాలో దిగిందని ఆడియో వదిలిన కుర్రాడూ, ముగ్గురూ నిర్దోషులే. నిలదీస్తే ముగ్గురిదీ ఒకటే జవాబు: “వచ్చింది వచ్చినట్టు పంపానండీ.” అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఇంకొంచెం గట్టిగా అడిగితే రెండో జవాబు బయటికొస్తుంది. “ఏదో సరదాగా మాట్లాడుకుంటున్నాం, దానికింత పట్టింపెందుకు?” సరదా కబుర్లకు నేను శత్రువును కాను. పిచ్చాపాటి లేని ఊరు ఊరే కాదు. అయితే రచ్చబండ మీద కోతలు కోసేవాడికి ఒక ఇబ్బంది ఉండేది. “ఎవడు చెప్పాడ్రా నీకు?” అని ఎవరో ఒకరు అడిగేవారు. పేరు చెప్పాలి. ఆ పేరుగలవాడు సాయంత్రానికి అక్కడికే వస్తాడు. అబద్ధమని తేలితే పదిమందిలో నవ్వులపాలు కావాలి, మర్నాడు మళ్ళీ అదే అరుగు మీద, అదే మొహంతో కూర్చోవాలి. ఇప్పుడు ఆ బెడద తీరిపోయింది. ఎవరు పంపారంటే “వేరే గ్రూపులో వచ్చింది” అంటారు. ఆ గ్రూపులో అడిగితే అదీ వేరే గ్రూపు నుంచే వచ్చి ఉంటుంది. ఈ లెక్కన దేశంలో మొట్టమొదట ఏ అబద్ధమూ ఎవరూ పుట్టించలేదు. అన్నీ స్వయంభువులే.

గ్రూపు దినచర్య గమనించారా? కోడి కూయకముందే గులాబీల బొమ్మల మీద శుభోదయాలు మొదలవుతాయి. మన ఫోన్లు నిండిపోయి మొరాయించడానికి ఈ శుభోదయాలే ఒక కారణమని గూగుల్ వాళ్ళు కనిపెట్టి, వాటిని ఏరి పారేసే ఏర్పాటు ఒక యాప్‌లో పెట్టారు. 2018 నాటి ముచ్చట ఇది. శుభోదయాలు అయ్యాక సంపులో నీళ్ళు లేవని మూడో అంతస్తువారు పెట్టిన మెసేజి మీద నలభై నమస్కారాలు వచ్చి పడతాయి. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు ఉండడు. ఒకరి పుట్టినరోజుకూ ఇంకొకరి మావగారి మరణానికీ ఒకే వరసలో జవాబులు వస్తుంటాయి కాబట్టి, అప్పుడప్పుడు బతికున్నవాడికి ‘ఓం శాంతి’ దక్కుతుంది. ఇంతవరకూ నష్టమేమీ లేదు. నవ్వుకుని ఊరుకోవచ్చు. చిక్కంతా వీటి మధ్య వచ్చే కబుర్లతోనే.

2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు కొత్త 2000 నోటులో నానో చిప్ ఉందన్నారు. భూమిలో 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహానికి తెలిసిపోతుందన్నారు. ఇంజనీర్లూ పంపారు, బ్యాంకు ఉద్యోగులూ పంపారు. 2023 మేలో రిజర్వు బ్యాంకు ఆ నోటునే వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ రోజు ఏ గ్రూపులోనూ చిప్ ఊసెత్తినవాడు నాకు కనిపించలేదు. మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా యునెస్కో ప్రకటించిందన్న కబురు మాత్రం ఇంకా ఏటా ఆగస్టు 15కి వస్తూనే ఉంది. ఆ సంగతి యునెస్కోకే తెలియదు.

2020 ఫిబ్రవరిలో కోడిమాంసం తింటే కరోనా వస్తుందని కబురు పాకింది. తినేవాళ్ళు భయపడ్డారు, చికెన్ ధర పడిపోయింది. చివరికి తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి, అందరూ చూస్తుండగా కోడిముక్కలు తిని చూపించాల్సి వచ్చింది. ప్రజాసేవలో ఇంత రుచికరమైన త్యాగం ఇంకోటి ఉంటుందా! ఫారం పెట్టుకుని కోళ్ళు మేపుకున్న రైతుకు మాత్రం అది సరదా కాదు.

అంతకు రెండేళ్ళ ముందు, 2018లో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల ఆడియోలు ఊళ్ళ మీద పడ్డాయి. జోగులాంబ గద్వాల జిల్లాకు అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులనూ జానపద కళాకారులనూ ఊరూరా పంపి, వాటిని నమ్మొద్దని డప్పులు కొట్టించి, పాటలు కట్టించి చెప్పించారు. ఫోనులో వచ్చిన అబద్ధాన్ని ఆపడానికి మళ్ళీ డప్పే దిక్కయింది. ఆ ఏడాది జూలైలో హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు వెళ్ళిన కొందరు మిత్రుల్లో ఒకరు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. అనుమానపడ్డ జనం నుంచి వాళ్ళు తప్పించుకుని బయల్దేరినా, కారుకన్నా ముందే వాట్సాప్ కబురు పక్క ఊరికి చేరింది. దారి కాచి కొట్టారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చనిపోయాడు. ఆ కబురు పంపినవాళ్ళు కూడా వచ్చింది వచ్చినట్టే పంపి ఉంటారు.

అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజిని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. మనవాళ్ళు అయిదేసి చొప్పున పంపడం నేర్చుకున్నారు. ఆ తరవాత, చాలాసార్లు చేతులు మారిన మెసేజి మీద రెండు బాణాల గుర్తు కూడా వేసింది. జాగ్రత్త అని చెప్పడానికి పెట్టిన ఆ గుర్తును మనం ఐఎస్ఐ ముద్రలా చూస్తున్నాం. “ఇంతమంది పంపారంటే నిజం కాకుండా పోతుందా?” అన్నది గ్రూపు తర్కశాస్త్రంలో మొదటి సూత్రం.

రెండో సూత్రం ఇంకా గొప్పది. అబద్ధం పెట్టినవాడి వల్ల గ్రూపులో గొడవ రాదు. “దీనికి ఆధారం ఏమిటండీ?” అని అడిగినవాడి వల్లే వస్తుంది. ఆ ప్రశ్న పడగానే అంతవరకూ బొటనవేళ్ళు చూపించి ఊరుకున్న పెద్దలంతా మేలుకుంటారు. “ఆయనకు ప్రతిదాంట్లో తప్పులు వెతకడమే పని.” “పెద్దాయన పెట్టారు, గౌరవం ఉండాలి.” వెంటనే అడ్మిన్‌గారు దిగుతారు: “దయచేసి గ్రూపు వాతావరణం పాడుచేయకండి.” ఈ ముక్క ఆయన ఎప్పుడూ అడిగినవాడితోనే అంటారు. పెట్టిన మెసేజి మాత్రం అక్కడే పదిలంగా ఉంటుంది. అడిగినవాడు మూడు రోజులు మౌనంగా ఉండి, నాలుగో రోజు తనూ ఒక గులాబీ పెట్టి పాపపరిహారం చేసుకుంటాడు.

అడ్మిన్‌గారి నిబ్బరానికి కారణం లేకపోలేదు. ఇతరులు పెట్టినదానికి అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఆయన బయటపడ్డాడు గదా అని మిగతావాళ్ళు గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోనక్కర్లేదు. తమిళ నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి. శేఖర్ 2018లో మహిళా జర్నలిస్టులను కించపరిచే పోస్టు ఒకటి ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. అది వేరేవాళ్ళు రాసింది, తాను పంపానంతే అన్నారు. కేసు కొట్టేయడానికి మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్ళి, ఆ సమయంలో కంట్లో మందు వేసుకున్నారనీ, అందులో ఏముందో చదవలేకపోయారనీ లాయరుతో చెప్పించారు. 2023లో అక్కడా చుక్కెదురైంది. 2024 ఫిబ్రవరిలో చెన్నైలోని ప్రత్యేక న్యాయస్థానం నెల రోజుల జైలుశిక్ష వేసింది.

కాబట్టి అన్నయ్యలూ, పిన్నిగార్లూ, కంట్లో మందు వేసుకున్న పూట ఫోను ముట్టుకోకండి.