ముప్ఫై రోజుల పుణ్యం

మొబైల్ యాప్‌లు చెయ్యడం నేర్చుకోవాలనేవాళ్ళకు ఇప్పుడు అందరూ చూపించే రాచబాట ఒకటుంది. ఏదైనా సేవా ప్రాజెక్టులో ఉచితంగా చేరిపొమ్మంటారు. విద్య వస్తుంది, పుణ్యం వస్తుంది, సర్టిఫికెట్ వస్తుంది. మరి ఊరికేం వస్తుందండీ అంటే, యాప్ వస్తుంది కదా అని మన అమాయకత్వానికి జాలిపడతారు.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఈ బాటకు తారు కూడా పోశారు. 2020–21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు రాష్ట్ర ఉన్నత విద్యామండలి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. అందులో మొదటి మెట్టు, మొదటి ఏడాది అయ్యాక చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. 180 గంటలు. ఊళ్ళోకి వెళ్ళి ఇల్లిల్లూ తిరగాలి, సర్వే చెయ్యాలి, లాగ్‌బుక్ రాయాలి. పిల్లలు నాలుగు గడపలెక్కి జనంతో మాట్లాడతారంటే వద్దనేదెవరు? చిక్కల్లా కంప్యూటర్ బ్యాచ్‌తోనే. వాళ్ళకు సమస్య వినేంత ఓపిక ఉండదు, సగం వినేసరికి యాప్ తట్టేస్తుంది.

దుత్తలూరు లాంటి మెట్ట మండలంలో సమస్యలకేం కొదవ?

“అవ్వా, మీ ఊళ్ళో మెయిన్ ప్రాబ్లం ఏంది?”

“నీళ్ళే నాయనా. ఈ బోరు నీళ్ళు తాగీ తాగీ మోకాళ్ళు పట్టుకపోతా ఉండాయి.”

లాగ్‌బుక్కులో ‘ఫ్లోరైడ్’ అని పడుతుంది. ఉదయగిరి వైపు బోర్ల సంగతి కొత్తదేం కాదు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగకూడదు. మించిందో లేదో తెలియాలంటే నీళ్ళు పట్టి, మందు చుక్కలేసి, రంగు మారడం చూడాలి. సెల్‌ఫోను బోరు ముందు పెట్టి దణ్ణం పెట్టినా తేలదు. మరి యాప్ చేసేదేమిటి? అవ్వ తన బాధను తానే టైపు చేసుకోవడానికి ఒక గడి ఇస్తుంది. గడి మీద రాతలన్నీ ఇంగ్లీషు. లోపలికి పోవాలంటే ఈమెయిల్ కావాలి. అవ్వ చేతిలో ఉన్నదేమో బటన్ల ఫోను. సరే, మనవడి ఫోన్లో కొట్టించిందనుకుందాం. ఆ ఫిర్యాదు ఎక్కడికి పోతుంది? డేటాబేసుకు. అక్కడ ఎవరు చూస్తారు? వైవా రోజు ఎగ్జామినరు చూస్తారు. చూసి, బటన్ రంగు బాగుందంటారు.

యాప్‌లో నిజంగా కష్టపడి చేసిన పేజీ ఒకటుంటుంది, ‘మా టీమ్’. ఫొటోలు, హోదాలు, లింక్డ్‌ఇన్ లింకులు, ఏ లోటూ ఉండదు.

ఆ డేటాబేసు కథ కూడా చెప్పుకోవాలి. ఇలాంటి బ్యాచ్‌లు ఎక్కువగా పట్టేది గూగుల్ వారి ఫైర్‌బేస్‌ను, చిన్న వాడకానికి డబ్బులడగదు కాబట్టి. అందులో ఫైర్‌స్టోర్ అనే డేటాబేసు తెరిచేటప్పుడు ‘టెస్ట్ మోడ్’ అని ఒకటి కనపడుతుంది. అది నొక్కితే తాళం లేని ఇల్లే. అడ్రసు తెలిసినవాడెవడైనా వచ్చి అందులో ఉన్నది చదవొచ్చు, మార్చొచ్చు, చెరిపెయ్యొచ్చు. 30 రోజులయ్యాక, నియమాలు మార్చి రాస్తే తప్ప, యాప్‌ను కూడా లోపలికి రానివ్వదు. 180 గంటల్ని రోజుకు ఆరు చొప్పున వేసుకోండి, సరిగ్గా 30 రోజులు. ఏ పంచాంగకర్త పెట్టాడో గానీ ముహూర్తం భలే కుదిరింది! ఆ నెల రోజులూ ఊరివాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, రోగాలు నడివీధిలో ఉంటాయి. నెల తిరిగాక ఎవరికీ దొరకవు, ఊరికి కూడా.

ప్లే స్టోర్లో పెట్టాలంటే ఖాతాకు 25 డాలర్లు కట్టాలి. పైగా 2023 నవంబరు నుంచి కొత్తగా తెరిచే వ్యక్తిగత ఖాతాలకు 20 మందితో 14 రోజులు వాడించి చూపించమన్నారు. 2024 డిసెంబరులో దయతలిచి 12 మంది చాలన్నారు. దుత్తలూరు నీళ్ళ యాప్‌ను ఆ పద్నాలుగు రోజులూ వాడి చూసేది హాస్టల్ రూమ్‌మేట్లు, మినరల్ వాటర్ తాగుతూ.

యాప్‌లంటే ఊళ్ళో తెలియదనుకోవడం మరో వేడుక. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనికి పోయినవాళ్ళ హాజరు యాప్‌లో వెయ్యాలన్నారు, పూటకో ఫొటో. సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి గట్టు మీద నిలబడ్డ మనిషికి ‘డిజిటల్ అవగాహన’ కల్పిస్తామని ఫ్లెక్సీ కట్టి మరీ పోతారు. ఆ గట్టు మీద కాసేపు నిలబడితే వాళ్ళకే అవగాహన వచ్చేది.

పోనీ, విద్య అయినా అబ్బిందా? యూట్యూబులో చూసి ‘చెయ్యాల్సిన పనుల జాబితా’ యాప్ దించుతారు, ‘పనులు’ తీసి ‘ట్యాంకర్లు’ అని పెడతారు. తప్పు చూపించే పెద్దదిక్కు ఎవరూ ఉండరు. వెయ్యిమందిని చంపితే గాని వైద్యుడు కాడని మనవాళ్ళు ఊరికే అనలేదు గానీ, ఆ వెయ్యిమందీ మెట్టవాళ్ళే అయి ఉండాలని ఎక్కడా అనలేదు.

ఉచితంగా పనిచేస్తూ నేర్చుకునే చోట్లు లేక కాదు. ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసేవాళ్ళు వాడే ఓడీకే కలెక్ట్ ఉంది, వికీమీడియా కామన్స్ యాప్ ఉంది. కోడ్ అంతా బహిరంగమే, ఎవరైనా సాయం పట్టొచ్చు. అక్కడ మనం పంపిన కోడ్‌ను తలపండినవాళ్ళు చదివి, ఇది తప్పు, మళ్ళీ రాయి అని తిప్పికొడతారు. బటన్ మీద తెలుగు ఒత్తులు తెగిపోకుండా సరిచెయ్యడమూ అక్కడ పనే. అయితే అందులో రిబ్బను కత్తిరింపు ఉండదు, ‘ఫౌండర్’ అనే హోదా ఉండదు, అవ్వ పక్కన నిలబడి ఫొటో ఉండదు. అందుకే అటు రద్దీ తక్కువ.

నాదో చిన్న సవరణ. మార్కులు వైవా రోజు వెయ్యకండి, ఏడాది తర్వాత వెయ్యండి. ఎగ్జామినరు దుత్తలూరు సెంటర్లో దిగి, ఫోను తీసి, ఆ యాప్ తెరవాలి. తెరుచుకుంటే సగం మార్కులు. అందులో పడ్డ ఫిర్యాదు చూసి ఎవరైనా బోరు దగ్గరికొచ్చి ఉంటే మిగతా సగం. ఈ రూలు ఒక్కటి పెట్టి చూడండి, వచ్చే వేసవికి సేవాతత్పరులు ఎంతమంది మిగులుతారో. ఉదయగిరి బస్సులో మాకు కూర్చోను సీటన్నా దొరుకుతుంది.