శనికి చార్జిషీటు ఎవరిస్తారు?

2025 ఉగాది నాడు హైదరాబాద్ రవీంద్రభారతిలో తెలంగాణ ప్రభుత్వం అధికారికంగా జరిపించిన పంచాంగ శ్రవణం గురించి పాఠకులకు కొత్తగా చెప్పేదేం లేదు. విశ్వావసు నామ సంవత్సరానికి రాజు సూర్యుడనీ, మంత్రి చంద్రుడనీ తేలింది. ఓట్లు వేసి తెచ్చుకున్న సర్కారు, తన నెత్తిన ఇంకో సర్కారు ఉందన్న కబురు శ్రద్ధగా విని సిద్ధాంతిని సత్కరించి పంపింది. ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. రాజు, మంత్రి, సేనాధిపతి, సస్యాధిపతి, మేఘాధిపతి అంటూ ఇన్ని పదవులు పంచుతున్నారే గానీ, ఆ పదవుల్లో ఉన్నవాళ్లకు సర్వీసు రూల్సు లేవు, హాజరు లేదు, సంజాయిషీ అసలే లేదు. ప్రభుత్వం నిజంగా నమ్మితే గ్రహాలను రెగ్యులరైజ్ చెయ్యాలి. మచ్చుకు సింగరేణి బొగ్గు గనుల సంస్థతో మొదలుపెట్టవచ్చు. రాష్ట్రానిది 51 శాతం వాటా. మిగతా 49 శాతం ఉన్న ఢిల్లీ అడ్డు చెప్పదు. 2001లో యూజీసీ ద్వారా జ్యోతిషాన్ని విశ్వవిద్యాలయాల్లో శాస్త్రంగా కూర్చోబెట్టింది ఢిల్లీయే. హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ ఆ కోర్సుల మీద హైకోర్టుకు, ఆపై సుప్రీంకోర్టుకు వెళ్లినా 2004లో గ్రహాలే గెలిచాయి.

నియామకాలకు పరీక్షలు అక్కర్లేదు. బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్ కావాలంటే గనుల భద్రత డైరెక్టరేట్ పరీక్ష పాసవ్వాలి, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ చూపాలి. ఏడాదికి రాజు కావడానికి మాత్రం ఉగాది ఏ వారం పడితే ఆ వారానికి అధిపతి అయితే చాలు. మార్చి 30 ఆదివారం గనుక సూర్యుడు రాజు, మేష సంక్రమణం ఏప్రిల్ 14 సోమవారం గనుక చంద్రుడు మంత్రి. అందుచేత సూర్యుడికి సీఎండీ పోస్టు, చంద్రుడికి డైరెక్టర్ పోస్టు ఇచ్చేయవచ్చు. లోహాలు, రత్నాలు చూసుకునే నీరసాధిపతికి ఉత్పత్తి టార్గెట్లు అప్పగించాలి. భద్రతా విభాగం జనరల్ మేనేజర్‌గా శనిని మించినవాడు లేడు. శ్రమకూ సేవకులకూ ఇనుముకూ నల్లటి వస్తువులకూ ఆయనే కారకుడని శాస్త్రం. పైగా రాశికి రెండున్నరేళ్ల చొప్పున నడుస్తాడు కాబట్టి ఫైళ్ల నడకలో ఆయనకు అపారమైన అనుభవం. వచ్చిన చిక్కల్లా రాహుకేతువులతోనే. వారానికి ఏడే రోజులు గనుక వాళ్లకు వారం లేదు, వారం లేదు గనుక ఏ ఏడాదీ పదవి రాదు. అయినా రాహువు రోజూ గంటన్నర డ్యూటీ చేస్తాడు, ఆదివారం కూడా సెలవు లేదు. మంగళవారమైతే మూడింటికి, సరిగ్గా సెకండ్ షిఫ్టు వేళకు ఎక్కుతాడు. పర్మినెంటు పోస్టు లేకుండా రోజూ పనిచేసేవాళ్లకు బొగ్గుబావుల దగ్గర ఓ హోదా ఎప్పటినుంచో ఉంది: కాంట్రాక్టు కార్మికులు. 2024లో పంచిన లాభాల వాటాలో పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షలు, కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు అన్నారు కదా, రాహుకేతువులకూ ఆ 5 వేలే.

జనరల్ మేనేజర్ శనిగారి జాయినింగ్ రిపోర్టు దగ్గర మాత్రం పేచీ తప్పదు. దృగ్గణితం ప్రకారం ఆయన మార్చి 29న కుంభం వదిలి మీనంలో చేరాడు. శనికి ప్రసిద్ధ క్షేత్రమైన తిరునళ్లారు ఆలయం వారేమో, తాము పాటించే వాక్య పంచాంగం ప్రకారం ఆ బదిలీ 2026లో గానీ జరగదని ప్రకటించారు. మకర రాశి కోల్ ఫిల్లర్‌కు ఏలినాటి శని ఉగాది ముందురోజే వదిలినట్టా, ఇంకో ఏడాది వేగాల్సిందేనా? మేష రాశి టింబర్‌మన్‌కు అప్పుడే పట్టినట్టా, కానట్టా? శాంతి చేయించాల్సినవాడెవడు, చేయించిన డబ్బులు వాపసు అడగాల్సినవాడెవడు? ఒక అధికారి ఒకే రోజు రెండు బావుల మస్టర్లలో సంతకం పెడితే విజిలెన్స్ వాళ్లు ఊరుకోరు. శని ఒకే రోజు రెండు రాశుల్లో హాజరు వేయించుకున్నా కిమ్మనే నాథుడు లేడు.

పంచాంగం గణితమేనని, గ్రహణం ఘడియలతో సహా చెబుతుందని పెద్దలు అంటారు. నిజమే. గ్రహం ఎక్కడుందో చెప్పే లెక్క గొప్పదే. ఆ గ్రహం అక్కడుంటే ఇక్కడ మనిషికి ఏమవుతుందన్నది వేరే మాట, దానికి గణితం పూచీ పడదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం పుణెలో ఆ రెండో మాటనే పరీక్షకు పెట్టింది. బాగా చదివే పిల్లలవి 100, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి 100 జాతకాలు సేకరించి, 27 మంది జ్యోతిష్కులకు తలా 40 ఇచ్చి, ఏది ఎవరిదో తేల్చమంది. సరిగ్గా చెప్పినవి 46 శాతం. బొమ్మాబొరుసా వేసినా 50 వచ్చేవి. 2009లో అచ్చయిన ఈ ఫలితానికి జవాబుగా, లోపం శాస్త్రానిది కాదు, చెప్పేవాడిది అంటారు. సరే, చెప్పేవాణ్ణి పక్కన పెడదాం. కానే యుద్ధంలో కూలిన రోమన్ సైనికులందరిదీ ఒకటే జాతకమా అని రోమన్ వక్త సిసెరో రెండు వేల ఏళ్ల కిందటే అడిగాడు. 2022 మార్చి 7న సింగరేణి వారి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కూలిన బండల కింద ఒక ఏరియా సేఫ్టీ ఆఫీసర్, ఒక యువ అధికారి, ఒక కాంట్రాక్టు కార్మికుడు కలిసే ప్రాణాలు వదిలారు. జీతాలు వేరు, పుట్టిన నక్షత్రాలు వేరు. తల మీది బండ ఒక్కటే. విపత్తు వేళ వ్యక్తి జాతకం పనిచేయదు, స్థల జాతకం చూడాలంటారా? అలాగైతే స్థలాన్నే చూద్దాం. ఆ చూడటానికి జియాలజిస్టు ఉన్నాడు.

మరి ఇన్ని తేలినా జనం ఎందుకు నమ్ముతారు? చదువు లేకనా? కంప్యూటర్ మీద జాతకం వేయించుకునేవాళ్లలో ఇంజినీర్లకు కొదవలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ట్రోబ్రియాండ్ దీవుల్లో గడిపిన మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ, అక్కడి జాలరులు నిశ్చలమైన లోపలి నీటిలో చేపలు పట్టేటప్పుడు ఏ మంత్రమూ చదవరనీ, అపాయం పొంచి ఉన్న నడి సముద్రంలోకి వెళ్లేటప్పుడే తంతులన్నీ చేస్తారనీ గమనించాడు. నైపుణ్యం చాలినంత మేర నైపుణ్యం, అది ఆగిపోయిన చోట మంత్రం. గోదావరిఖనిలో పొద్దున్నే టోపీ దీపం పెట్టుకుని బాయి దిగేవాడికి పైకప్పు ఎప్పుడు కూలుతుందో, గ్యాస్ ఎక్కడ కమ్ముతుందో పూర్తిగా తన చేతిలో లేదు. అతను మైసమ్మకు మొక్కినా, వారఫలం చూసుకున్నా అది మూఢత్వం కన్నా ముందు భయం. ఆ భయానికి ఎవరూ లెక్క చెప్పకపోతే సిద్ధాంతి చెబుతాడు. చెప్పింది ఎలాగూ కుదురుతుంది. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులందరికీ ఒకే వర్ణనను ఎవరిది వాళ్లదే అని నమ్మించి పంచితే, అది తమకు సరిపోయిందంటూ వాళ్లు 5కు సగటున 4కు పైగా మార్కులు వేశారు. 'నీ కష్టాన్ని పైవాళ్లు గుర్తించడం లేదు' అన్న మాట ఏ రాశి కార్మికుడికి వర్తించదు గనక?

ఆ ఓదార్పును లాగేసుకోవడం దేనికి, ఎవరికి నష్టం అన్న ప్రశ్న వస్తుంది. కార్మికుడు తన ఇంట్లో చూసుకునే పంచాంగంతో ఎవరికీ పేచీ లేదు. ఉగాది పచ్చడితో అసలే లేదు. ప్రభుత్వం చదివించే పంచాంగం ఆ కోవలోది కాదు. మనిషి తన చేతిలో లేనిదాన్ని గ్రహాల మీద వేస్తే అది అతని గతిలేనితనం. చేతిలో ఉన్నవాళ్లే వేస్తే అది తప్పించుకోవడం. రూఫ్ బోల్టుల ఇండెంటు, మీథేన్ కొలిచే పరికరం, పాత తవ్వకాల మ్యాపు, పని ఆపించే అధికారం అన్నీ పైవాళ్ల దగ్గరే ఉన్నాయి. శనికి చార్జిషీటు ఇవ్వలేం, సస్పెండ్ చేయలేం, విచారణకు పిలవలేం. అధికారంలో ఉన్నవాళ్లకు ఆయన అంత ముద్దొచ్చేది అందుకే.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మందిని మింగాయి. నీళ్లు నిలిచిన పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని, ముందుకు బోర్లు వేసి చూసుకుంటూ వెళ్లాలని బొగ్గు గనుల నిబంధనలు 1957లోనే రాసిపెట్టాయి. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. 2020 జూన్ 2న రామగుండం ఓసీపీ-1లో పేలుడుకు బలైన నలుగురూ కాంట్రాక్టు కార్మికులే. ఇన్ని ఇళ్ల ముందు నిలబడి తలరాత అనడానికి నోరెలా వస్తుంది? ఇది రాత కాదు, నిర్వాకం. ఏ బాయిలో పాత నీళ్లు ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాయో, ఏ ఫేస్‌లో సపోర్టు ఎంత వెనకబడిందో, కిందటి ప్రమాదం విచారణలో చెప్పిన సిఫార్సుల్లో ఎన్ని అమలయ్యాయో ప్రతి షిఫ్టుకూ బాయిలోకి దిగేలోపు ప్రతి కార్మికుడికీ, కాంట్రాక్టు కార్మికుడితో సహా, అతని భాషలో చదివి వినిపించాలి. తప్పు దొరికితే పేరుతో సహా సంజాయిషీ అడగాలి. ఆ పని చేయని ప్రభుత్వానికి అతని గ్రహచారం గురించి మాట్లాడే హక్కు లేదు.