కొత్త పీవో గారికి నాలుగు ముక్కలు

మాస్టారూ, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరు పని ఈసారి మీ నెత్తిన పెట్టారని విన్నాను. సంతోషమండి. 2027 గోదావరి పుష్కరాలు ముంచుకొస్తున్నాయి. పన్నెండు రోజులూ ఘాట్ల దగ్గర తాళ్లు పట్టుకోవాలన్నా, ముసలమ్మల్ని మెట్లు దింపాలన్నా, తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో చదవాలన్నా మన పిల్లలే దిక్కు. ఆ కుర్చీలో చాలాకాలం కూర్చుని దిగినవాణ్ణి కనక, మాన్యువల్‌లో ఉండని కిటుకులు చెబుతాను. ముఖ్యంగా సర్క్యులర్లలో తరచూ కనబడుతున్న ఆ ట్రాన్స్‌జెండర్ పిల్లల వ్యవహారం గురించి.

ఎవరడిగినా ముందు ఒకటే మాట: “మా దగ్గర అలాంటివాళ్లు లేరండి.” 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడా మగా కాక ‘ఇతరులు’ కింద లెక్కకొచ్చినవాళ్లు 43,769 మంది. వాళ్లంతా పక్క జిల్లాలోనే ఉన్నారని నమ్మండి. పక్క జిల్లా పీవో కూడా అదే నమ్ముతాడు. పాత జిల్లాల లెక్కన చూస్తే పాపం వాళ్లందరూ కొవ్వూరు వంతెన మధ్యలో నుంచుని ఉండాలి.

దరఖాస్తు ఫారం జోలికి పోకండి. అమెరికాలో బాయ్ స్కౌట్స్ వాళ్లు 1910 నుంచీ నిక్షేపంగా నడుపుకుంటూ వచ్చి, 2017 జనవరిలో ఉన్నట్టుండి జన్మపత్రం చూడటం మానేశారు. ఫారంలో ఏం రాస్తే అదే ఖాయం అన్నారు. నూరేళ్లు దాటిన సంస్థ ఒక కాగితానికి తలవంచింది. మనం అలా కాదు. మగ, ఆడ అని రెండు గళ్లు చాలు. ఎవరన్నా పెన్ను పట్టుకుని ఆ రెండింటి మధ్యా ఆగిపోతే, వెనక లైను పెరిగిపోతోందని కేకెయ్యండి. లైను మీదున్న ప్రేమతో వాళ్లే ఏదో ఒక గడిలో టిక్కు పెట్టేస్తారు.

ఇక చట్టం. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, ఎవరి జెండర్ ఏదో తేల్చుకునే హక్కు వాళ్లదేనంది. సరే, ఢిల్లీ దూరం. 2021 మార్చిలో కేరళ హైకోర్టు, తిరువనంతపురంలో చదివే ఒక ట్రాన్స్ విద్యార్థిని ఎన్‌సీసీ బాలికల విభాగంలో చేరడానికి అర్హురాలేనంది. ఎన్‌సీసీకి 1948 నాటి చట్టం ఉంది, అందులో మగ, ఆడ తప్ప మూడో మాట లేదు, అందుకే ఆ అమ్మాయి కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. మన ఎన్‌ఎస్‌ఎస్ మామూలు పథకమే, అలాంటి చట్టం అడ్డు కూడా లేదు. ఈ సంగతి పిల్లలకి తెలియనివ్వకండి. తెలిసిపోతే, కేరళ కొబ్బరి వేరు, కోనసీమ కొబ్బరి వేరు అనండి.

ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2019 చట్టం ఒకటుంది, అది కాస్త మొండిది. సొసైటీ కానీ, ట్రస్టు కానీ, సంఘం కానీ, ప్రతి సంస్థలోనూ ఫిర్యాదులు చూసే అధికారి ఒకరు ఉండాలంటుంది. వెయ్యండి, దానికేం. ఫిర్యాదు ఎవరి మీద రాబోతోందో ఆయన్నే వేసేస్తే కాగితం ఊరంతా తిరగక్కర్లేదు. మా కాలంలో పిల్లల్ని ‘ఆడంగి’ అని పిలవడంలో సీనియర్ ఒకాయన ఉండేవారు, వేస్తే ఆయన్నే వేసుండేవాణ్ణి. వివక్ష చూపబోమని పాలసీ కూడా రాయించి గోడకి అంటించండి. బీరువా వెనక గోడైతే ఎండ తగలదు, రంగు వెలవదు.

సాంస్కృతిక కార్యక్రమం రోజున మాత్రం ఉదారంగా ఉండండి. కుర్రాళ్లు చీరలు కట్టి వేషాలు వేస్తే చప్పట్లు కొట్టండి. మన రాజమండ్రి సారంగధర మెట్ట ఉన్న ఊరు. చిత్రాంగిగా, సత్యభామగా స్థానం నరసింహారావు గారు నడిచొస్తే తెలుగుదేశమంతా తిరిగి చూసింది, 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. చీర స్టేజి మీద కళ. పది గంటలకి తెర దించాక కూడా విప్పనంటే క్రమశిక్షణ సమస్య. ఈ తేడా ఎక్కడ మొదలవుతుందని అడిగితే కరెక్టుగా స్టేజి మూడో మెట్టు దగ్గరని చెప్పండి.

అసలు కష్టం స్పెషల్ క్యాంపుతో వస్తుంది. ఏడు రోజులు, రాత్రిళ్లు కూడా అక్కడే. నేనొకసారి లంక గ్రామంలో పెట్టాను, రేవు దాటి పడవ మీద పోవాలి. బడికి రెండు గదులు, బాత్రూము ఒకటి. దానికి గడియ లేదు. కన్నానికి తాడు కట్టి లోపల్నుంచి పట్టుకుని కూర్చోవాలి, బయట ఇంకొకరు కాపలా. మూడు రోజులు ఆడపిల్లలు, మగపిల్లలు, వంటమనిషి, నేను, అందరం ఆ తాడే పట్టుకున్నాం. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. నాలుగో రోజు పొద్దున ఒకడు నా చెవిన వేశాడు: ఫలానా కుర్రాడు తనని అమ్మాయి పేరుతో పిలవమంటున్నాడని. అంతేనండి, ఆ తాడు తలుపు మీద సంప్రదాయమూ, భద్రతా, తల్లిదండ్రుల ఆందోళనా వచ్చి వాలాయి. ఫోన్ చేసిన తల్లిదండ్రులు ఎవరూ లేరు. ఆందోళన మాత్రం ఉంది, నేనే పడ్డాను.

అప్పుడు నేను చేసినట్టే మీరూ చెయ్యండి. పక్కకి పిలిచి, “నీ సేఫ్టీ కోసమేనమ్మా” అన్నాను. చూశారా, ‘అమ్మా’ అన్నాను, నాలో అభ్యుదయానికి లోటు లేదు. సాయంత్రం ఆఖరి పడవకి ఇంటికి పంపేసి, పొద్దున మొదటి పడవకి రమ్మన్నాను. రాత్రి గంటలు హాజరులో కొట్టేశాను. గడియ పెట్టించమని ఎవరో అన్నారు కానీ, దానికి బడ్జెట్ లేదు. ఆ పిల్ల మిగతా మూడు రోజులూ మేం పళ్లు తోముకోకముందే రేవులో దిగి, పార పట్టుకుని నిలబడేది. ఇదో ఇబ్బంది: ఎంత దూరం పంపినా తిరిగొస్తారు.

మీ పిల్లల్లో కొందరు వీరేశలింగం గారి పేరెత్తుతారు, జాగ్రత్త. ఏటా ఆయన విగ్రహం కడిగి దండ వేయించేది మనమే కనక వద్దనలేం. 1881 డిసెంబర్ 11న ఈ ఊళ్లోనే ఆయన మొదటి వితంతు వివాహం జరిపిస్తే పెద్దలు వెలి వేశారు. చూసుకుంటే వాళ్లు మనలాంటివాళ్లే, అనుభవజ్ఞులు. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు గుర్తురాకపోవడమే కాస్త బెంగగా ఉంటుంది.

2015లో మొదటి రోజే పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. మెట్ల మీద ఇంకా చాలా చేతులు ఉండాల్సిందని అప్పట్నుంచీ అందరూ అంటున్నారు. మీరు కంగారుపడకండి. చేతుల సంగతి తర్వాత, ముందు ఏ చెయ్యి ఏ గడిలోదో తేల్చండి. ఎవరికైనా గుర్తింపు పత్రం కావాలంటే ఇచ్చే పని ఆ 2019 చట్టం జిల్లా మేజిస్ట్రేటుకి పెట్టింది, టోపీలు పంచే మనకి కాదు. అయినా మనకి చూపు ఉంది కదా, చూసి చెప్పెయ్యగలం.

ఆఖరిది సర్టిఫికెట్. రెండేళ్లలో 240 గంటలు పూర్తిచేస్తే ఇస్తారు, దాని మీద కోణార్క చక్రం, కింద ‘నేను కాదు, నువ్వు’ అన్న అర్థం వచ్చే మన నినాదం. ఆ పిల్ల కొట్టేసిన గంటలు కూడా ఆదివారాలు వచ్చి పూడ్చుకుంది. తన పేరు తను చెప్పినట్టు రాయమంది. నేను రిజిస్టరులో ఉన్నదే రాశాను. చూసుకుని, “నాది కాదు సార్” అని బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది. సంక్రాంతి వెళ్లాక రా, చూద్దాం అన్నాను. రాలేదు. పాడవకుండా లామినేషన్ చేయించాను, మీకప్పగించిన బీరువాలో మూడో అరలో ఉంటుంది.

మొన్న ఛార్జి ఇచ్చేముందు బయటికి తీసి, పేరు కొట్టేసి పైన రాద్దామని చూశాను. ప్లాస్టిక్ కదండీ, పెన్ను జారిపోతోంది.