ఆటోమేటిక్ పెదనాన్న

తుపాకి లైసెన్సు ఉన్న పెద్దమనుషుల్లో కొందరు తుపాకి పేలుస్తారు, కొందరు తుపాకి గురించి చెబుతారు. మొదటి రకంతో పెళ్ళి ఊరేగింపుల్లో ప్రమాదం, రెండో రకంతో పెళ్ళి భోజనాల్లో. మా పెదనాన్నగారు రెండో రకం. పక్క విస్తట్లో ఎవరు కూర్చున్నా సరే, పప్పు వడ్డించేలోపు పేరూ ఊరూ కనుక్కుంటారు. పులుసు వచ్చేలోపు "తమరు ఆటోమేటిక్కా అండి, మాన్యువలా?" అని అడిగేస్తారు. అవతలాయన కారు సంగతనుకుని "మాన్యువలేనండి, మైలేజీ బావుంటుంది" అంటాడు పాపం. ఇక పెరుగన్నం దాకా ఆయనకి విముక్తి లేదు.

ఈయన అడిగేది తుపాకికుండే సేఫ్టీ గురించి. మా తాతగారి నుంచి వచ్చిన పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకి ఒకటి ఊళ్ళో బీరువాలో పట్టుపంచెల వెనక పడుకుని ఉంటుంది. బర్మింగ్‌హామ్ సరుకు, వెబ్లీ అండ్ స్కాట్ వారి తయారీ. దాని మెడ మీద, బొటనవేలు ఆనేచోట ఓ చిన్న మీట. ముందుకి తోస్తే పేలడానికి సిద్ధం. వెనక్కి లాగితే 'సేఫ్' అన్న అక్షరాలు బయటపడతాయి, ట్రిగ్గరు బిగుసుకుపోతుంది. తూటాలు పెట్టడానికి తుపాకి తెరిచినప్పుడల్లా ఆ మీట తనంతట తనే వెనక్కి వచ్చేస్తే ఆటోమేటిక్. మనం లాగితే తప్ప రాకపోతే మాన్యువల్. అంతే తేడా. ఇంత చిన్న తేడా మీద ఒక మనిషి యాభై ఏళ్ళు ఎలా మాట్లాడగలడని మీకు అనుమానం రావచ్చు. మీరు మా పెదనాన్నగారి పక్కన భోంచెయ్యలేదు.

"పూర్వం సుత్తులు తుపాకి బయటే ఉండేవండి. ఎక్కుపెట్టి ఉందో లేదో దూరం నుంచే తెలిసేది. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ వారి దగ్గర పనిచేసే యాన్సన్, డీలీ అని ఇద్దరు పేటెంటు పుచ్చుకుని వాటిని లోపలికి తోసేశారు. ఇక పైకి ఏం కనబడుద్దండి? అందుకని సేఫ్టీ. మరి మనిషన్నవాడు మర్చిపోతాడు గదండి? అందుకని ఆటోమేటిక్!"

మనిషి మర్చిపోతాడన్న సిద్ధాంతానికి ఆయనే సజీవ సాక్ష్యం. కళ్ళజోడు, గ్యాస్ బుకింగ్, మా పెద్దమ్మ పుట్టినరోజు, ఏదీ గుర్తుండదు. "ఆయన నోరు తెరిచినప్పుడల్లా వెనక్కి లాగేది నేను. అది దానంతటదే జరుగుతోందనుకుంటారు" అంటుంది పెద్దమ్మ, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

బ్యాంకుకి పింఛను కోసం వెళితే ఆయన చూపు కౌంటరు మీద ఉండదు, గుమ్మం దగ్గర గార్డు చేతిలో ఉన్న డబుల్ బ్యారెల్ మీద ఉంటుంది. ఒకసారి ఉండబట్టలేక దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి "ఆటోమేటిక్కా, మాన్యువలా?" అన్నారు. ఆ గార్డు అంతకంటే గొంతు తగ్గించి "కాంట్రాక్టండి" అన్నాడు. పెదనాన్నగారు నెల రోజులపాటు దాన్నొక కొత్త రకం సేఫ్టీ అనుకున్నారేమోనని నా అనుమానం.

ఇంత భక్తి ఉన్నా, ఆటోమేటిక్ సేఫ్టీ ఆయనకి ఒకసారి ద్రోహం చేసింది. అదీ కథ. కుర్రతనంలో కొల్లేట్లో దోనె మీద వెళుతుంటే తలమీంచి పరజల గుంపు లేచింది. తుపాకి తెరిచి, తూటాలు పెట్టి, మూసి, గురిచూసి నొక్కారు. చప్పుడు లేదు. తెరిచినప్పుడే సేఫ్టీ వెనక్కి వచ్చేసింది, తొందరలో ఈయన ముందుకి తొయ్యలేదు. ఆటోమేటిక్ అంటే మాన్యువల్ పక్షం వాళ్ళకి మంట ఇందుకే. వేటగాడు భద్రంగా ఉంటాడు, పిట్ట ఇంకా భద్రంగా ఉంటుంది.

నా చిన్నప్పుడు అది పరజ. నేను టెన్త్‌కి వచ్చేసరికి అడవిపంది అయింది, దాంతో కథ కొల్లేరు వదిలి గట్టెక్కింది. నా పెళ్ళినాటికి చిరుత అయి పాపికొండల్లోకి మకాం మార్చింది. చిరుత ఇంకా పెరిగేదే. కానీ లాయరు చదివిన అల్లుడొచ్చాడు. "ఇది ఏ సంవత్సరం మావయ్యగారూ?" అన్నాడు వినయంగా. "డెబ్బై అయిదో, ఆరో" అన్నారీయన. "వన్యప్రాణి చట్టం 1972లో వచ్చిందండి. చిరుతకీ వర్తిస్తుంది. మీరు నొక్కడమైతే నొక్కారు కదా మరి?" అన్నాడు అల్లుడు. పెదనాన్నగారు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "డెబ్బై ఒకటి. పరజ" అన్నారు. అప్పట్నుంచి అది పరజగానే ఉంది.

మనవడు హైదరాబాదులో ట్రాప్ షూటింగ్ నేర్చుకుంటున్నాడు. "2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం కొట్టిన మన ట్రాప్ జట్టులో కైనాన్ చెనాయ్ మన హైదరాబాదే తాతయ్యా" అని ఊరించి, సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరున్న రేంజికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను, వినోదానికి. మట్టిబిళ్ళ అరచేతికి కాస్త పెద్దది, నూట అయిదు గ్రాములు, మనిషి కేక వెయ్యగానే గోతిలోంచి దూసుకుపోతుంది. డెబ్బై ఆరు మీటర్ల అవతల నేల తాకే లోపు దాన్ని బద్దలుకొట్టాలి. కుర్రాళ్ళంతా తుపాకులు తెరిచి, ఖాళీ గొట్టాలు నేలకి వేలాడేసి నడుస్తున్నారు. పెదనాన్నగారికి ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే ఒక పిల్లాడి ఇటలీ తుపాకి మెడ తడిమి చూశారు.

"బాబూ, సేఫ్టీ ఏదీ?"

"బిగించేశామండి. పని చెయ్యదు."

పెదనాన్నగారు కుర్చీ కోసం చూశారు.

కోచ్ ఓపికగా చెప్పాడు. పోటీలో సేఫ్టీ తియ్యడం మర్చిపోయి తుపాకి పేలకపోతే అది తుపాకి లోపం కిందికి రాదు, ఆ బిళ్ళ పోయినట్టే. నూట పాతిక బిళ్ళల్లో ఒక్కటి పోయినా ఫైనల్ పోవచ్చు. నిలబడాల్సిన చోట నిలబడ్డాకే తూటా పెడతారు, కాల్చగానే తెరుస్తారు. తెరిచిన తుపాకి పేలదు. పైగా చాలా తుపాకుల్లో సేఫ్టీ ట్రిగ్గర్ని మాత్రమే పట్టుకుంటుంది, లోపలి సుత్తిని కాదు. గట్టిగా కింద పడితే సుత్తి జారి పేలినా పేలొచ్చు. ఖరీదైన వాటిలోనైతే సుత్తిని ఆపడానికి రెండో కొక్కెం ఉంటుంది.

నాకు కోచ్ మాట సబబుగానే తోచింది. పొదల్లోంచి, గట్ల మీంచి తూటాలున్న తుపాకితో నడిచేవాడి సంగతి వేరని పెదనాన్నగారు వాదించారు, అదీ సబబే. వాదనంతా అయ్యాక ఆయన కారెక్కుతూ, "ఆ రెండో కొక్కెం ఉందే, అదైనా ఆటోమేటిక్కేనా?" అని అడిగారు. కోచ్ అవునన్నాడు. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయారు.

2024 ఎన్నికలొచ్చాయి. మామూలుగానే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించమన్నారు. రైటరు రిజిస్టరు తీసి "డీబీబీఎల్ పన్నెండు బోరు ఒకటి" అని రాయబోతుంటే పెదనాన్నగారు ఆపారు. వివరం పూర్తిగా ఉండాలన్నారు. ఆటోమేటిక్ అని రాయించి, సంతకం పెట్టి, రసీదు పుచ్చుకుని వచ్చారు. రైటరు ఆయన చెప్పినట్టే రాశాడు. సేఫ్టీ అన్న మాట ఒక్కటీ వదిలేశాడు.

ఫలితాలొచ్చాక తుపాకి తెచ్చుకోవడానికి ముగ్గురం వెళ్ళాం. ఎస్సై కొత్తాయన, కుర్రాడు, చదువుకున్నవాడు. రిజిస్టరు చూసి లేచి నిలబడ్డాడు.

"ఆటోమేటిక్ గన్నా? ఇంట్లో?"

అల్లుడు నా చెవిలో "నిషిద్ధ ఆయుధం. ఏడేళ్ళకి తగ్గకుండా పద్నాలుగేళ్ళ దాకా" అన్నాడు. మెల్లగా అనుంటే బావుండేది.

"ఆటోమేటిక్ తుపాకి కాదండి, సేఫ్టీ అండి" అన్నారు పెదనాన్నగారు.

"చూపించండి."

ఆయన తుపాకి తెరిచారు. టిక్కుమని మీట వెనక్కి జరిగింది.

"మీరు ముట్టుకోలేదుగా?"

"లేదండి."

"మరి అది ఆటోమేటిక్కే కదా?"

యాభై ఏళ్ళలో ఆ ప్రశ్నకి ఆయన చెప్పని జవాబు లేదు. ఆ పూట ఒక్కటీ రాలేదు. అల్లుడి వంక చూశారు. అల్లుడు సీలింగు ఫ్యాను వంక చూశాడు. పెదనాన్నగారు రైటరు దగ్గర తెల్ల కాగితం ఒకటి అడిగి పుచ్చుకుని, కళ్ళజోడు మర్చిపోయి రావడం చేత నా చేత రాయించారు. తన వద్దనున్న తుపాకి మా తాతగారి కాలం నుంచీ మాన్యువల్ అనీ, అందులో దానంతటది జరిగేది ఏదీ లేదనీ, ఇందుమూలముగా తెలియజేసుకున్నారు. సాక్షి సంతకం అల్లుడు పెట్టాడు.