అల్లుడొస్తేనే గ్యాస్!

నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా పెద్దమ్మ ఇంట్లో గ్యాసున్నా పొగ వస్తుంది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో గ్యాస్ కనెక్షన్ల ‘దీపం’ వెలిగించారు, 2016లో కేంద్రం ‘ఉజ్వల’ అంది. కాగితం మీద ఈ వంటిల్లు ఎప్పుడో పొగ మానేసింది. దగ్గే మానలేదు!

స్టవ్ మీద అల్లికల గుడ్డ, బండకు పసుపూ కుంకుమా. వంట మాత్రం కట్టెల పొయ్యి మీదే. నగరంలో గాలిలోని పీఎం 2.5 ధూళిని కొలవడానికి యంత్రాలున్నాయి. ఇక్కడ ఊదుగొట్టం పట్టుకున్న పెద్దమ్మ కళ్లే మీటరు.

‘‘గ్యాస్ వాడొచ్చుగా పెద్దమ్మా?’’

‘‘వాడితే అయిపోదూ! 14.2 కిలోలేరా అందులో ఉండేది. కట్టెలు మన దొడ్లోవి. బండ డబ్బులు నువ్విస్తావా?’’

నోరు మూసుకున్నాను, పొగకి కూడా.

ఈ సంక్రాంతికి అల్లుడు రావడం లేదట. పెద్దమ్మ నిట్టూర్చింది: ‘‘పోన్లే, బండ ఇంకో ఏడాది వస్తుంది.’’