బీటెక్కుకు మద్దతు ధర

అమెరికా అధ్యక్షుడు 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్‌1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు పెట్టాడు. అప్పటి మన లెక్కలో 88 లక్షలు. ఆ సంతకం తడి ఆరకముందే సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో సహ వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు, దేశ విభజన నాడు సర్వం వదిలి వచ్చిన సింధీలను గుర్తుచేసి, అక్కడున్న మనవాళ్లతో, ఇంటికి వచ్చేయండి, బతుకు మళ్లీ కట్టుకోవడానికి ఐదేళ్లు పట్టొచ్చు గానీ గట్టిపడతారు అన్నారు. ఇంకేముంది, ఆ పిలుపు తెలంగాణలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దాకా పాకింది. పోయినవాళ్లు రావాలట, ఉన్నవాళ్లు కదలొద్దట, పుట్టిన గడ్డ మీదే కెరీర్ కట్టుకోవాలట. ఏ కంపెనీలో, ఎంత జీతానికి అన్నది మాత్రం పిలిచినవాళ్లు చెప్పలేదు. అంత చిన్న విషయాలు పెద్దవాళ్లు పట్టించుకోరు.

ఈ ప్రాంతంలో ఊరు వదలకుండా పైకొచ్చినవి ఏమైనా ఉంటే అవి వడ్లే. వాటికి ఎవరూ మాతృభూమి మీద ఉపన్యాసం ఇవ్వలేదు. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. నీళ్ల వెనక వరి, వరి వెనక మిల్లు, మిల్లు వెనక లారీ వచ్చాయి. మిర్యాలగూడ ఆసియాలోనే పెద్ద మిల్లుల కూడలి అని చెప్పుకునే దాకా వెళ్లింది. 2025-26కు ఏ గ్రేడ్ వడ్లు క్వింటాకు మద్దతు ధర 2,389 రూపాయలు. సన్నాలైతే రాష్ట్రం ఇచ్చే 500 బోనస్ అదనం. ధర ముందే తెలుసు, కొనే కేంద్రం తెలుసు. వడ్లు ఉన్నచోటే ఉండిపోవడంలో వింతేముంది?

కాబట్టి ఈ వానాకాలం నుంచే బీటెక్కులను కూడా మద్దతు ధరల జాబితాలో చేర్చాలి. కోదాడ చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల పుణ్యాన పంటకు లోటు లేదు. వడ్లు కొనే ఐకేపీ కేంద్రం పక్కనే మరో టార్పాలిన్ పరిస్తే చాలు. ముందు తేమ చూస్తారు. ఇంటి మీది అప్పు తలచుకొని కళ్లలో తేమ 17 శాతం దాటినవాడికి కాంటా పెట్టరు, ఆరబెట్టుకొని రమ్మంటారు. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగుల్లో ఆర్నెల్లు ఆరితే ఎంత పచ్చి గింజైనా గలగలమంటుంది. ఇంగ్లిష్ ముక్కుతో మాట్లాడేవాళ్లు సన్నాలు, బోనస్ వాళ్లకే. సర్కారు బడి నుంచి వచ్చినవాళ్లు దొడ్డు రకం. లెక్క కోసం కొంటారు గానీ ఎవరూ తినరు. బ్యాక్‌లాగులున్నవాళ్లు తాలు, తూర్పారపట్టాలి. బస్తాకు ఇంతని తరుగు ఉండనే ఉంటుంది, దాని పేరు కన్సల్టెన్సీ కమీషన్. ఇక మరాడింపు. క్వింటా వడ్లకు 67 కిలోల బియ్యం అప్పగించాలన్నది కస్టమ్ మిల్లింగ్ (సీఎంఆర్) నిబంధన. కంపెనీకి అప్పగించిన మనిషి కూడా రెండేళ్లకు 67 శాతం మిగిలితే లెక్క సరిపోయినట్టే. తక్కిన నిద్ర, నడుము, కంటిచూపు తవుడూ ఊకా కింద మిల్లరుకే.

మనుషులను వడ్లతో పోలుస్తారా అని కొందరికి కోపం రావచ్చు. నిజమే, వడ్లకు ఇది చిన్నతనం. తడిసిన వడ్లు కొనకపోతే రైతులు రోడ్డెక్కుతారు, ఎమ్మెల్యే పరుగెత్తుకొస్తాడు. నాలుగేళ్లుగా ఇంట్లో తడుస్తున్న బీటెక్కు కోసం ఏ ఎమ్మెల్యే పరుగెత్తాడు?

సూర్యాపేటకు ఐటీ హబ్ ఇచ్చారు కదా అనేది ఇంకో మాట. ఇచ్చారు. 2023 అక్టోబర్ 2న పాత కలెక్టరేట్ భవనంలో అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. రెండు నెలలు తిరగకముందే ఎన్నికలు. హబ్ అంటే గోదామే. గోదాము కట్టినంత మాత్రాన కొనేవాడు రాడు. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటుంది, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, అయినా రాలేదు. సూర్యాపేటకు గానీ కోదాడకు గానీ రైలు లేదు. ఉన్న హైవే మన పిల్లలను హైదరాబాద్‌కు ఇంకా తొందరగా చేరవేస్తోంది. వెంబును ఆదర్శంగా చూపేవాళ్లు వరుస తప్పుతున్నారు. ఆయన 2011లోనే తమిళనాడు తెన్‌కాశిలో ఆఫీసు తెరిచి, పని అక్కడికి తెచ్చి, తర్వాత తానూ ఆ పక్క పల్లెలోనే కాపురం పెట్టారు. రమ్మనడం అన్నిటికన్నా చివర. మన దగ్గర రమ్మనడంతోనే కార్యక్రమం ముగిసింది.

ఉద్యోగాలివ్వడం సర్కారు పని కాదు, మార్కెట్ పని అంటారా? సరే. సర్కారు పనే అయినదాన్ని చూద్దాం. అమెరికా ఫీజు వార్తకు నాలుగు రోజుల ముందు, సెప్టెంబర్ 15న, రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం బంద్‌కు దిగాయి. వేల కోట్ల బకాయికి గాను 1,200 కోట్లు, అదీ దీపావళి లోపు రెండు విడతల్లో ఇస్తామంటే విరమించాయి. ఈ బకాయి అంకె కాదు. సర్కారు కట్టనందుకు కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుతుంది. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకొని పిల్ల కాలేజీ చుట్టూ తిరుగుతుంది. తండ్రి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, సర్కారు కట్టాల్సిన ఫీజు తాను కట్టి, బిడ్డ మెమోలు విడిపించుకుంటాడు. ఆ పిల్ల దగ్గరకా మీరు వచ్చి ఊరి రుణం తీర్చుకోమంటున్నది? ఎవరు ఎవరికి రుణపడి ఉన్నారో ఒక్కసారి ఖాతా పుస్తకం తిప్పి చూశారా? బాకీ ఎగ్గొట్టి, ఆ ఇంటి గుమ్మంలోనే నిలబడి త్యాగం గురించి చెప్పడానికి సిగ్గనిపించలేదా? ఆ దీపావళి 2025 అక్టోబర్ 20నే వెళ్లిపోయింది. బకాయి కాలేజీల ఖాతాల్లో పడనంత కాలం, ఇక్కడే ఉండమని ఏ పిల్లకూ చెప్పకండి.